కుమార్ ఉపవాసం

ఆ యేడు శ్రమకాలంలో మా తమ్ముడు దేవకుమార్ మధ్యాహ్నం భోజనం మానేశాడు. అమ్మ దాన్ని ఉపవాసమంది. మా ఇంట్లో పొరపాటు అక్కడ మొదలైంది కాబట్టి నేనూ అక్కడే మొదలుపెడతాను.

అది 1987. ఈస్టరుకు ముందు నలభై రోజులు మాకు శ్రమకాలం. పెళ్ళిళ్ళు పెట్టుకోం, కొత్తబట్టలు కొనం, చేతనైనవాళ్ళు ఒక పూట తినడం మానేస్తారు. కుమార్‌కి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. గుడికి రమ్మంటే వచ్చేవాడు గాని, ఆరాధన అయ్యేదాకా బయట సైకిళ్ళ దగ్గరే నిలబడేవాడు. హార్బరులోకి వచ్చిన ఓడలకి కూరగాయలూ మాంసమూ అందించే ఒక కంపెనీలో గుమాస్తా. పొద్దున్నే గాజువాకలో సిటీ బస్సెక్కి పోర్టుకి వెళ్తే చీకటి పడేవేళకి వచ్చేవాడు. అలాంటివాడు శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం మర్నాడు క్యారియరు తీసుకెళ్ళనన్నాడు.

"ఆకలి లేదమ్మా" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"ఆకలి నేదా, ఉపాసమా?" అంది అమ్మ.

వాడు ఒక్క క్షణం ఆగాడు. "ఉపాసమే అనుకో" అన్నాడు.

ఆ సాయంత్రానికి ఈ సంగతి వీధంతా తెలిసిపోయింది. గుడిలో స్త్రీల సమాజానికి గురువమ్మ గారు పెద్ద. ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి మరీ అడిగింది. "ఏటే రత్నమణీ, మీ గుంటడు ఉపాసం ఉంతన్నాడంట. లోకం ఏటైపోతాదో మరి."

అమ్మ నవ్వింది. నాన్న పోయాక అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు. ఆ రోజుల్లో మా పేటలో అందరికంటే సంతోషంగా కనిపించిన మనిషి అమ్మే. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. కాని ఇది చెప్పకపోతే తర్వాత నేను చేసిన పని ఎవరికీ అర్థం కాదు.

మొదటిసారి రక్తం చూసింది మార్చి రెండో వారంలో, ఒక ఆదివారం సాయంత్రం. ఏడో తరగతి పిల్లల తెలుగు పరీక్ష కాగితాలు చాప మీద పరుచుకుని దిద్దుతున్నాను. గాలికి ఒక కాగితం ఎగిరింది. కుమార్ దాన్ని తీసివ్వడానికి వంగాడు. కాగితం మీద ఒక చుక్క పడింది. దాని పక్కన ఇంకోటి.

వాడు ఆశ్చర్యపోలేదు. ముందు నావైపు చూశాడు, నేను చూశానో లేదో తెలుసుకోవడానికి అన్నట్టు. ఆ తర్వాతే ముక్కు పట్టుకున్నాడు.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. "వేడి సేసింది. కడుపులో ఏటీ నేదాయె, ఆ ఎండలో తిరగడమాయె" అంటూ మాడు మీద చన్నీళ్ళు పోసింది. కొత్తిమీర నలిపి ఆ పసరు ముక్కులో పిండింది. తల వెనక్కి వాల్చి పడుకోమంది. అరగంట గడిచినా ఆగలేదు. వాడు లేచి పెరట్లోకి వెళ్ళి, మింగిన రక్తమంతా కక్కాడు. కాలువలో నల్లగా ముద్దలు ముద్దలుగా పడింది. నేను చెంబుతో నీళ్ళు పోస్తూ నిలబడ్డాను.

మర్నాడు క్లాసులో ఒక పిల్ల తన కాగితం పట్టుకుని వచ్చింది. "టీచర్, ఇక్కడ ఎర్రచుక్కలు పెట్టారు. ఏం తప్పు రాశాను?"

"తప్పేం లేదు. సిరా పడింది" అన్నాను. ఆ పిల్ల నమ్మి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి మా ఇంట్లో శబ్దాలు మారిపోయాయి. నాకు మారాయి. వాడు తుమ్మితే నేను దిద్దుతున్న పెన్ను ఆగిపోయేది. పెరట్లో కుళాయి రెండు నిమిషాలకి మించి పారితే లేచి వెళ్ళేదాన్ని. స్నానాలగది తలుపు వేసుకుంటే లోపలినుంచి చప్పుడు వచ్చేదాకా వంటింట్లో ఊరికే నిలబడేదాన్ని. గాజువాకలో ఆర్.ఎం.పి. వీరన్న గారు రెండు ఇంజెక్షన్లు ఇచ్చి, కాల్షియం మాత్రలు రాసి, "ముక్కులో నరం సిట్లింది. ఎండాకాలం మామూలే. మజ్జిగెక్కువ తాగమనండి" అన్నారు. మజ్జిగ ఎక్కువే ఇచ్చాం. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాం. రక్తం వారానికి రెండుసార్లు వస్తూనే ఉంది. రుమాలు మీద ఎరుపు కనిపిస్తే ఇనుప ఖనిజం దుమ్మంటుకుందని వాడే అనేవాడు. పోర్టులో పనిచేసే ప్రతివాడి రుమాలూ ఎర్రగానే ఉండేది గనక మేం నమ్మేవాళ్ళం.

శ్రమకాలంలో రోజుకొక ఇంట్లో సాయంత్రం ప్రార్థన పెట్టుకుంటారు. మా ఇంటి వంతు మార్చి నెలాఖరున వచ్చింది. పాస్టరు అయ్యగారు, గురువమ్మ గారు, ఇంకో పదిహేనుమంది ఆడవాళ్ళు వచ్చారు. కుమార్ గోడకానుకుని కూర్చున్నాడు. చొక్కా మెడ దగ్గర వదులైపోయి, కంఠం ఎముకలు కనిపిస్తున్నాయి. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అయ్యగారి మాటల మధ్య చాప మీద ఏదో తడిగా పడుతున్న చప్పుడు నాకు వినిపించింది. కళ్ళు తెరిచాను. వాడు రెండు చేతులూ దోసిలిపట్టి ముఖం కింద పెట్టుకున్నాడు. దోసిలి నిండి వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఎవరినీ పిలవొద్దని.

ఆమేన్ అనేసరికి అందరూ చూశారు. ఒకావిడ ఏడ్చింది. అయ్యగారు లేచివచ్చి వాడి తలమీద చెయ్యిపెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు. రక్తం కాస్త తగ్గాక అన్నారు. "కుమార్, ఈసారి మంచి శుక్రవారం ఐదో మాట నువ్వు చెప్పు."

మంచి శుక్రవారం మా గుడిలో మధ్యాహ్నం మూడు గంటల ఆరాధన. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు లేచి మాట్లాడతారు. ఐదోది దాహం మాట. నాన్న క్రేను డ్రైవరుగా ముప్ఫై ఏళ్ళు పనిచేసి, ఆ ఏడుగురిలో ఒక్కసారి కూడా పిలుపు రాకుండానే పోయారు.

"దాహం మాట వాడికి సరిగ్గా సరిపోద్దండి. బిందెడు మజ్జిగ తాగుతాడు" అంది గురువమ్మ గారు. ఏడుస్తున్నావిడ కూడా నవ్వింది. అమ్మ చాప మీద రక్తం తుడుస్తూ నవ్వింది.

ఏప్రిల్ మొదటి వారంలో బడి వదిలే వేళకి అప్పలసూరి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కుమార్‌తోపాటు ఓడల మీదికి సరుకులెక్కించే మనిషి, చుట్టరికం లేకపోయినా వాడిని బావ అనేవాడు. కూర్మన్నపాలెం నుంచి వచ్చేవాడు. మా ఇంటికి ఒకటి రెండుసార్లు వచ్చాడు గాని నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"టీచరుగారూ, బావని ఓడల పనిలోంచి తప్పించీయండి."

"ఎందుకు? ఏమైంది?"

"ముక్కమ్మట రకతం వత్తన్నాది కదండీ."

"వేడంటున్నారు డాక్టరుగారు."

"వేడేటండీ బాబూ." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పొడండీ. గోదుమ రంగుగా ఉంటాది. బ్రౌన్ షుగరంటారు. పోయిన వర్షాకాలంలో ఒక ఓడలో వంటోడు అలవాటు సేసేడు. ఇప్పుడు ఓడలక్కర్నేదు, బయటే దొరుకుతన్నాది. అందరూ కాయితం మీద ఏసి పొగ పీలుస్తారు. బావకి పొగ పడదు, దగ్గొచ్చెత్తాది. ఖాళీ పెన్ను గొట్టమెట్టి ముక్కుతో పీల్సీడమే. అందుకే ముక్కు పోయింది. ఆకలీ దాంతోనే సచ్చింది."

అతనే మళ్ళీ అన్నాడు. "నానూ తాగుతానండీ, అబద్దమెందుకు. సారా తాగితే మా ఈది మొగలోనే మా ఆడదానికి వాసనొత్తాది, సీపురు తీసుకుంటాది. దీనికి వాసన్నేదండి. అదే బయం."

ఇంటికి వెళ్ళి నా పెన్నుల డబ్బా తెరిచాను. ఎర్ర పెన్నులు అయిపోయాక పారెయ్యకుండా అందులో వేయడం నా అలవాటు. ఒక్కటీ లేదు. మంచం కింద, కుమార్ పెట్టె వెనక ఒకటి దొరికింది. రెండువైపులా కోసేసిన గొట్టం. లోపల గోధుమ రంగు పొడి, దాని మీద ఎండిన రక్తం. నేను దాన్ని కాగితంలో చుట్టి, బడికి తీసుకెళ్ళే సంచిలో అడుగున పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు.

ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు, అమ్మ గుడినుంచి రాకముందు, పెరట్లో వాడికి ఆ గొట్టం చూపించాను. వాడు దాన్ని అందుకోలేదు. బట్టలుతికే రాయి మీద కూర్చున్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరైతే ఏం. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. నిజం చెబుదాం."

"శుక్రవారం దాకా ఆగక్కా."

"ఎందుకు?"

"మానేస్తే రెండో రోజుకి ఒళ్ళంతా విరిచేస్తాది. వాంతులూ విరోచనాలూ. ఓసారి సూసేను, నా వల్ల కాలేదు. శుక్రవారం నిలబడలేను. ఆ ఐదో మాట సెప్పేసి, శనివారం నువ్వెక్కడికి తీసికెళ్తే అక్కడికొస్తాను. అమ్మకి మాత్రం సెప్పకు."

"ఈలోపల ఏమన్నా అయితే?"

"అయిదు రోజులేగా."

వాడు చేతులు మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు. చిన్నప్పుడు లెక్కలు తప్పినప్పుడు అలాగే కూర్చునేవాడు. భయపడుతున్నాడని అప్పుడు తెలిసింది. నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు. నేను సరేనన్నాను.

ఆ సాయంత్రమే వాడి ప్రసంగం రాసిపెట్టాను. ఒకటిన్నర పేజీ. కష్టమైన మాటలు లేకుండా, ఊపిరి తీసుకోవడానికి వీలుగా చిన్న వాక్యాలు రాశాను. వాడు వసారాలో నిలబడి చదువుతుంటే అమ్మ బియ్యం ఏరడం ఆపి వింది. బాగా చదివాడు. గొంతు నాన్నగారిదే.

సోమవారం గడిచింది. మంగళవారం ఎనిమిది గంటలకి, షర్టు వేసుకుంటుండగా మొదలైంది. ఇదివరకటిలా చుక్కలు కాదు. రెండు ముక్కుల్లోంచీ ఒకేసారి, నోట్లోంచి కూడా. తువ్వాలు తడిసిపోతే దుప్పటి తెచ్చాను. పావుగంటకి వాడి పెదవులు తెల్లబడ్డాయి. అమ్మ చన్నీళ్ళ కోసం వెళ్ళబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. చప్పుడు విని గురువమ్మ గారు వచ్చింది. వీధి చివర ఆటో పిలిచింది ఆవిడే.

గాజువాకనుంచి ఊళ్ళోకి ఆ దారి ఎప్పుడూ అంత పొడుగ్గా అనిపించలేదు. స్టీలుప్లాంటు లారీలు ఎదురొస్తున్నాయి, దుమ్ము. వాడు ముందుకి వంగి అమ్మ పట్టుకున్న సత్తు గిన్నెలోకి కారుస్తున్నాడు. అమ్మ గిన్నెకేసి చూడటంలేదు, దారికేసి చూస్తోంది. "వచ్చీసేం నాన్నా, వచ్చీసేం" అంటోంది, ఇంకా సగం దారి కూడా రాకుండానే.

నర్సింగుహోములో డాక్టరు శ్రీరామ్మూర్తి గారు. పెద్దమనిషి, నెమ్మది. నుదుటికి అద్దం కట్టుకుని వాడిని లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి వాడి మూలుగు వినిపించింది. గాజుగుడ్డ దూర్చి రక్తం ఆపుతున్నారని నర్సు చెప్పింది. మేం ముగ్గురం నడవలో బెంచీ మీద కూర్చున్నాం. గురువమ్మ గారు అమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా ప్రార్థన చేస్తోంది.

డాక్టరుగారు బయటికొచ్చారు. "ఎన్నాళ్ళనుంచి?"

అమ్మే చెప్పింది. "ఉపాసాలు బాబూ. నెల దాటింది మజ్జానం తిని. సుక్రవారం గుడిలో మాటాడాల."

ఆయన విన్నారు. తర్వాత నావైపు చూసి, "మీరు అతని అక్కయ్య కదూ. ఇలా రండి" అని నాలుగడుగులు పక్కకి తీసుకెళ్ళారు.

"ముక్కు మధ్య గోడకి చిల్లు పడిందమ్మా. వేడికీ దుమ్ముకీ అలా పడదు. ముక్కుతో ఏమన్నా పీలుస్తాడా? అతన్నడిగితే తల అడ్డంగా ఊపాడు."

నేను ఆయన కోటు గుండీ చూస్తున్నాను.

"లోపల బాగా కదిలిపోతున్నాడు. నిద్రకీ నొప్పికీ ఇంజెక్షను ఇవ్వాలి. అలాంటి అలవాటుంటే మందు మార్చాలి. అందుకే అడుగుతున్నాను."

నాలుగడుగుల వెనక గురువమ్మ గారి ప్రార్థన ఆగిపోయింది. అమ్మ బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది. ఇంకా మూడు రోజులే అనుకున్నాను. ఏ మందు ఇచ్చినా నొప్పి తగ్గడానికే కదా అనుకున్నాను.

"లేదండీ" అన్నాను.

ఆయన తలాడించి లోపలికి వెళ్ళారు.

పదకొండింటికి మమ్మల్ని చూడనిచ్చారు. రక్తం ఆగింది. ముక్కులో గుడ్డ, నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు. "ఎన్నాళ్ళకి పడుకున్నాడు నా తండ్రి" అంది అమ్మ. వాడి కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు రాసింది. నేను తల దగ్గర నిలబడ్డాను. వాడు ఊపిరి వదిలాడు. మళ్ళీ తీసుకుంటాడని చూశాను. చాలాసేపటికి తీసుకున్నాడు. నా చేతి గడియారంలో సెకన్ల ముల్లు చూడటం మొదలుపెట్టాను. తర్వాతి ఊపిరికి ఇంకా ఎక్కువ పట్టింది. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

నేను పరుగెత్తాను. డాక్టరుగారు ఎవరో పాపని చూస్తున్నారు. "ఉందండీ. అలవాటుంది. పొద్దున్న కూడా తీసుకునుంటాడు" అన్నాను. ఆయన నావైపు ఒక్కసారి చూశారు. నాకంటే ముందు ఆ గదిలోకి వెళ్ళారు. ఆక్సిజను పెట్టారు, గుండె నొక్కారు, విరుగుడు మందు కోసం పెద్దాసుపత్రికి ఫోను చేశారు. మనిషిని పంపారు. మందు వచ్చేలోపల మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి వాడు పోయాడు. ఆ తర్వాత కూడా ఆ డాక్టరు నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

బుధవారం సమాధి చేశాం. అప్పలసూరి గోతి దగ్గరికి రాలేదు, దూరంగా గోడ దగ్గర నిలబడి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మంచి శుక్రవారం నాలుగో మాట అయ్యాక అయ్యగారు లేచి, "ఈ మాట చెప్పవలసిన బిడ్డ ఉపవాసంలో ఉండగానే ప్రభువు దగ్గరికి వెళ్ళాడు" అని ఊరుకున్నారు. ఐదు నిమిషాలు గుడిలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను రాసిన ఒకటిన్నర పేజీ నా బైబిల్లోనే ఉంది.

శనివారం పొద్దున్న అమ్మా నేనూ సున్నం బకెట్టు తీసుకుని సమాధుల తోటకి వెళ్ళాం. ఈస్టరు తెల్లవారుజామున అక్కడ అందరూ కొవ్వొత్తులు వెలిగిస్తారు కనక ముందురోజే సమాధులకి సున్నం వేయడం మా అలవాటు. నాన్న సమాధికి ప్రతి యేడూ కుమారే వేసేవాడు. పక్కన వాడి మట్టి ఇంకా తడిగా ఉంది. దానికి వేయడానికేమీ లేదు. అమ్మ చీర ఎగదోపుకుని నాన్న సమాధికి కుంచె ఆడిస్తోంది. పచ్చి సున్నం రాయి రంగులోనే ఉంది, ఇంకా తెల్లబడలేదు.

"ఆ డాక్టరు నిన్ను పక్కకి పిలిసి అడిగేడే" అంది, వెనక్కి తిరక్కుండా. "నాను ఇన్నాను."

నేను బకెట్టు కింద పెట్టాను.

"నువ్వు సెప్పెత్తావేటోనని గుండాగిపోనాది. గురువమ్మ పక్కనే ఉన్నాది కదా. నువ్వు నేదన్నావు. అప్పుడు నాను దేవుడికి స్తోత్రం సెప్పేను."

"నీకెప్పటినుంచి తెలుసమ్మా?" అన్నాను.

"సొక్కాలుతికేది నానే కదే. జేబుల్లో కాయితప్పొట్లాలు. ఎప్పుడు దొరికినా పొయ్యిలో ఎట్టీసేదాన్ని." కుంచె ఆగింది. "ఉపాసం, ఉపాసమని పదిమందికీ సెప్తే, వాడికే సిగ్గేసి, నిజంగా ఉపాసమే అయిపోద్దనుకున్నాను."

ఎండ అప్పటికే ఎక్కింది. ఎవరో కుటుంబం గేటులోంచి బకెట్టు పట్టుకుని వస్తున్నారు. అమ్మ వాళ్ళని చూసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇటేపు అయిపోనాది. సున్నం ఇలాగియ్యి" అంది.

బకెట్టు అందించాను. ఇద్దరం రెండో వైపు మొదలుపెట్టాం.

ఇప్పటికీ శ్రమకాలం వస్తే మా గుడిలో కుమార్ ఉపవాసం గురించి చెబుతారు. అమ్మా నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని వింటాం.